మూతి విరుపు

తోడికోడళ్ళిద్దరూ కలిసి నడిపే కుట్టు దుకాణంలో ఆ పూట మాటా మాటా పెరిగింది. చిన్నామె ఒక కోటుకు కాలర్ తిరగేసి కుట్టింది. కళ్ళు నెత్తికెక్కాయా అంది పెద్దామె. చిన్నామె ఊరుకోలేదు, పాతవన్నీ తవ్విపోసింది. ఆపైన ఎవరి మిషన్ వాళ్ళు తొక్కుకుంటూ కూర్చున్నారు.

భోజనాలయ్యాక చిన్నామె మనసు కాస్త మెత్తబడింది. గుండీల డబ్బా అందుకునే నెపంతో దగ్గరికెళ్ళి, "అక్కా, టీ పెట్టనా?" అంది. పెద్దామె తలెత్తి చూసింది. ఏమీ అనలేదు. మూతి మాత్రం ఒక పక్కకి వంకరపోయింది.

చిన్నామెకు ఒళ్ళు మండింది. మూతి విరుస్తావా, విరుచుకో అనుకుని వెనక్కి వచ్చేసింది. కాసేపటికి పెద్దామె చేతిలోంచి కత్తెర జారి నేలమీద పడింది. విసిరికొట్టిందనుకుని తీసివ్వలేదు. ఏదో గొణిగితే తనను తిడుతోందనుకుని మిషన్ ఇంకా గట్టిగా తొక్కింది. చివరికి పెద్దామె బల్లమీద తల వాల్చేసింది. అలిగి పడుకుంది, పడుకోనీ అనుకుంది చిన్నామె.

పొద్దు వాలాక పెద్దామె కూతురు ఉద్యోగం నుంచి వచ్చింది. తల్లిని లేపి మొహం చూడగానే గతుక్కుమంది.

"అమ్మా, ఒక్కసారి నవ్వు."

పెదవి ఒక పక్కే కదిలింది. చేతులెత్తమంటే ఎడమది లేచింది, కుడిది లేవలేదు. పేరు చెప్పమంటే మాట ముద్దముద్దగా వచ్చింది. చిన్నామె కంగారుగా గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"వద్దు పిన్నీ, మింగలేదు, పొలమారుతుంది. ఇది పక్షవాతం," అంటూనే ఆ పిల్ల అంబులెన్సుకు ఫోన్ చేసింది.

ఆసుపత్రిలో డాక్టరు ముందుగా అడిగింది ఒకటే, ఈమె చివరిసారి మామూలుగా ఉన్నదెప్పుడని. వేళ దాటాక రక్తపు గడ్డ కరిగించే మందిస్తే మెదడులో రక్తం చిమ్మే ప్రమాదముంది, సరిగ్గా చెప్పమన్నాడు. ఇందాకటిదాకా బాగానే ఉందన్న అబద్ధం చిన్నామె నాలుక చివరిదాకా వచ్చింది.

"భోజనాలప్పుడు బాగుంది. టీ పెట్టనా అని అడిగేసరికే మూతి వంకరపోయింది," అంది.

కూతురు ఆమెకేసి చూసి తల తిప్పుకుంది. గడ్డను కరిగించే మందుకు వేళ మించిపోయిందన్నాడు డాక్టరు. మూతి వంకరపోయినప్పుడే తెచ్చుంటే అని మొదలుపెట్టి, చిన్నామె మొహం చూసి ఆగిపోయాడు.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి స్వాధీనంలోకి రాలేదు. మాటల్లో ఒక్కటే మిగిలింది, "వద్దు". ముద్ద పెడితే నోరు తెరుస్తూనే వద్దంటుంది. కిటికీ వైపు ఎడమచెయ్యి చాపి, తెరవనా అంటే వద్దంటుంది. దేనికి ఏమంటోందో కళ్ళు చూసి పోల్చుకోవాల్సిందే.

రోజూ దుకాణం మూశాక చిన్నామె వచ్చి, ఆసుపత్రిలో చూపించినట్టు ఆ చెయ్యి వంచి చాపుతుంది. ఒకనాడు గదిలో ఎవరూ లేనప్పుడు, తల వంచుకునే అడిగింది.

"నామీద కోపముందా అక్కా?"

"వద్దు," అంది పెద్దామె.

చిన్నామెకు తలెత్తి ఆ కళ్ళలోకి చూసే ధైర్యం చాలలేదు. బిగుసుకున్న వేళ్ళను ఒక్కొక్కటే విడదీస్తూ కూర్చుండిపోయింది.