కుడివైపు బొత్తాలు

ఆఫీసంతా చాటుగా కొలబద్ద అని పిలుచుకునే హెడ్ గుమాస్తాది ఒకటే పట్టుదల. మగవాడు మగవాడిలా ఉండాలి, ఆడది ఆడదానిలా ఉండాలి. ఎలా ఉంటే అలా ఉన్నట్టో ఆయనకి కంఠతా వచ్చు. కాలు మీద కాలు వేసుకోవడం మగవాడి హక్కు. ఆడది నవ్వితే పక్క బల్లకి వినిపించకూడదు. పూల గొడుగు తెచ్చుకున్న క్యాషియరు దాన్ని సంచిలో దాచుకుని తడుస్తూ ఇంటికెళ్లాడంటే అది ఈయన చూపు మహిమే. ఎవరూ అడక్కపోయినా ఈ బరువంతా నెత్తినేసుకుని ఇరవై ఏళ్లుగా మోస్తున్నాడు పాపం.

కొత్తగా చేరిన టైపిస్టు ఒకరోజు వదులైన తెల్ల చొక్కా వేసుకొచ్చింది. అది మగవాళ్ల చొక్కా అని ఆయన ఇట్టే పసిగట్టి, మేనేజరుకి రెండు పేజీల ఫిర్యాదు రాశాడు. ఆ అమ్మాయి ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద ఇంకా సంతకం పడలేదు. అది పడిందంటే ఇక ఆఫీసులో తన మాట చెల్లదని ఆయన బెంగ.

మేనేజరు ఆడమనిషి. కుర్చీకి నమస్కారం పెడుతున్నానని గుమాస్తా రోజూ మనసుకి సర్దిచెప్పుకుంటాడు. ఆవిడ ఇద్దర్నీ గదిలోకి పిలిచి, చొక్కా చొక్కాలాగే ఉంది, మగవాళ్లదని ఎలా చెప్పారని అడిగింది.

"బొత్తాలు చూడండి మేడం. కుడివైపుంటే మగవాళ్లది, ఎడమవైపుంటే ఆడవాళ్లది. ఏ దర్జీనడిగినా చెప్తాడు."

ఆవిడ టైపిస్టు చొక్కా చూసింది. నిజమే, కుడివైపే. తర్వాత గుమాస్తా చొక్కా చూసింది. టైపిస్టు పెదవి కొరుక్కుంది. గుమాస్తా తలవంచి తన పొట్ట మీదికి చూసుకున్నాడు. బొత్తాలన్నీ ఎడమవైపు బుద్ధిగా వరసలో ఉన్నాయి.

"ఇద్దరి మీదా చర్య తీసుకోమంటారా, ఎవరి మీదా వద్దంటారా?" అంది మేనేజరు.

గుమాస్తా ఫిర్యాదు వెనక్కి తీసుకుని జేబులో కుక్కుకున్నాడు. ఆయన కళ్లముందే సంతకం పడింది. బయటికొచ్చేసరికి ఆఫీసంతా తలలు వంచి ఎవరి బొత్తాలు వాళ్లు చూసుకుంటోంది.

పెళ్లైనప్పట్నించీ ఆయన చొక్కాలు భార్యే కుడుతుంది. ఇల్లు చేరుతూనే బీరువాలోవన్నీ తీసి మంచం మీద పారేశాడు. అన్నీ ఎడమవైపే. పదిహేడేళ్లుగా ఆడవాళ్ల చొక్కాలు తొడుక్కుని మగవాళ్ల పరువు కాపాడుతున్నానని తెలిసి ఆయనకి ఒళ్లు మండిపోయింది.

భార్య మాత్రం నింపాదిగా కళ్లద్దాలు సర్దుకుంది. "తెలిసే కుట్టానండీ. మీది ఎడమచేతి వాటం. బళ్లో కొట్టి రాత మార్పించారుగానీ బొత్తాం పెట్టే చెయ్యి మారలేదు. పెళ్లైన కొత్తలో ఒక్కో బొత్తానికీ చెమటలు కక్కేవారు. చూళ్లేక అటు మార్చాను."

ఆ మాటకి ఆయన గుండె కరిగింది. ఇన్నేళ్లూ ఒక్క మాట పైకి అనకుండా తన చేతిని కనిపెట్టుకుని ఉన్న మనిషి. కానీ గుండె కరిగినట్టు పైకి కనబడితే మగవాడికి మర్యాద కాదు. అందుకని, రేపటికల్లా ఒక చొక్కాకైనా బొత్తాలు కుడివైపుకి మారి తీరాలన్నాడు. ఆమె పాత కాజాలు మూసేసి, రెండోవైపు కొత్తవి కోసి, బొత్తాలు మార్చి కుట్టింది.

మర్నాడు అద్దం ముందు నిలబడితే వేళ్లు ఒక్కటీ మాట వినలేదు. మొదటి బొత్తాం పోయి రెండో కాజాలో దూరింది. బస్సు వేళ మించిపోతోంది. ఆయన కిటికీ రెక్క మూసొచ్చి, గొంతు తగ్గించి భార్యని పిలిచాడు. ఆమె ఎదురుగా నిలబడి మెడ దగ్గర్నించి ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టింది.

"గడ్డం పైకెత్తండి," అంది. "పొట్ట లోపలికి. ఆఁ, ఇప్పుడు అచ్చం మగవాడిలా ఉన్నారు. రేపు ఓ పావుగంట ముందే పిలవండి."