పక్క తిప్పని ఐదు గంటలు

"ఎలాగూ ఖాళీగానే కూర్చున్నావుగా, ఈ రెండు చొక్కాలూ కాస్త ఇస్త్రీ చేసెయ్యమ్మా" అంది టీచరమ్మ కోడలు, ఆమె పనిలో చేరిన మొదటి వారంలోనే. రోగిని చూసుకోవడానికి వచ్చిన ఆమె ఖాళీగా కూర్చోలేదు. మంచం మీదున్న టీచరమ్మకి గుటక సరిగ్గా దిగిందో లేదో, ఊపిరిలో గురక ఏమన్నా తేడాగా ఉందో చూస్తూ కూర్చుంది. మనిషిని కనిపెట్టుకుని ఉండటం కూడా పనేనని ఎవరికి చెబితే ఎక్కుతుంది? సొంత మొగుడికే ఎక్కలేదు. "నీకేం కష్టమే, ఫ్యాను కింద ఉద్యోగం. ముసలావిడ ఎక్కడికీ పారిపోదుగా" అంటాడు, ఆమె వడ్డించిన కంచం ముందు కూర్చుని.

టీచరమ్మ ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. పక్షవాతంతో కుడివైపు మొత్తం పడిపోయింది. మాటల్లో రెండే మిగిలాయి, "సరే", "కాదు". అవైనా ఒకదాని బదులు ఒకటి వస్తుంటాయి. కొడుకు ఆఫీసుకి వెళ్లే ముందు గుమ్మం దగ్గరే నిలబడి "బావున్నావా అమ్మా?" అంటాడు. "సరే" అనగానే వెళ్లిపోతాడు. ఆవిడ కళ్లు కాదంటున్నాయని చూడాలంటే నాలుగడుగులు లోపలికి రావాలి మరి.

ఆమెని ఈ పనికి పంపిన ఆఫీసులో నర్సమ్మ శిక్షణ రోజునే గట్టిగా చెప్పింది. ఒంటికి పుండ్లు పడకుండా రోగిని రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, తిప్పిన టైము కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. రోగి పని తప్ప వేరే పని ముట్టుకోకూడదు. ఇంటివాళ్లతో వరసలు కలపకూడదు. పని అయిపోయాక మళ్లీ ఆ గడప తొక్కకూడదు. ఈ చివరి మాటే ఆమెకి కష్టంగా ఉండేది. ఇంతకుముందు మూడిళ్లలో పనిచేసింది. మూడు చోట్లా సంచి సర్దుకుని బయటికి వస్తుంటే వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూడలేదు. ఒళ్లు తుడిచి, తల దువ్వి, గోళ్లు తీసిన మనుషులు ఆ తరవాత ఏమయ్యారో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

కోడలిని ఆమె మొదట మేడమ్ అనే పిలిచింది. "మేడమేంటే పరాయిదానిలా! అక్కా అను. నువ్వు నాకు చెల్లెలి లాంటిదానివి" అంది కోడలు మూడోనాడు. ఆ మాటకి ఆమె కళ్లు చెమర్చాయి కూడా. తరవాత తెలిసొచ్చింది, మేడమ్‌కైతే అది నా పని కాదండీ అని చెప్పొచ్చు, అక్కకి చెప్పడానికి నోరు రాదు. చొక్కాల వెనక కూరగాయలు, కూరగాయల వెనక బాత్‌రూమ్, దాని వెనక అటక. చెల్లెలు టీ తాగే గ్లాసు మాత్రం కిటికీ గట్టు మీద విడిగా బోర్లించి ఉండేది.

ఆ ఆదివారం కొడుకు ఆఫీసు వాళ్లు పన్నెండు మంది భోజనానికి వచ్చారు. "ఒక్క పూటేనే. నాకు మాత్రం పది చేతులున్నాయా?" అంది కోడలు. నిజమే, ఆవిడకీ రెండే ఉన్నాయి. తెల్లారి లేచినప్పటి నుంచి ఆడుతూనే ఉన్నాయి. పిలిచినవాడి చేతులు హాల్లో సోఫా మీద ఉన్నాయి. తొమ్మిదింటికి ఆమె వంటింట్లోకి వెళ్లింది. మధ్యలో రెండుసార్లు కొంగుకి చేతులు తుడుచుకుని బయలుదేరింది. "ఇప్పుడు హాల్లోంచి వెళ్తే ఏం బావుంటుంది? గదిలోంచి వాసన వస్తుందని తలుపు వేశాను. అత్తయ్య నిద్రపోతోందిలే" అంది కోడలు.

రెండింటికి తలుపు తీస్తే టీచరమ్మ నిద్రపోవడం లేదు. పైకప్పుని చూస్తోంది. పక్కకి తిప్పి చూస్తే నడుం కింద ఎముక మీద అరచేతిలో సగమంత ఎర్రగా కందిపోయింది. ఆమె వేలితో నొక్కి వదిలింది. తెల్లబడలేదు. మళ్లీ నొక్కింది. ఎరుపు అలాగే ఉంది. అంటే లోపల చర్మం చావడం మొదలైంది. ఆమెకి కోపం వచ్చింది. కోడలి మీద, సోఫా మీద, మూసిన తలుపు మీద, అన్నిటికంటే ఎక్కువ తన మీద. నవ్వుతూ ఐదు గంటలు వండి వడ్డించింది కదా! కదలలేనిదెవరు, టీచరమ్మా, తనా?

సాయంత్రం కాగితం మీద రెండు గడులు ఖాళీగా కనిపించాయి. కోడలు భుజం మీంచి తొంగి చూసింది.

"రాసెయ్యి. ఎవరు చూడొచ్చారు? నీ ఉద్యోగానికీ మంచిదే."

మొగుడు కూడా ఫోన్‌లో అదే అన్నాడు. "సత్యహరిశ్చంద్రుడి చెల్లెలివా? రెండు గీతలు గీకి పడెయ్."

ఆమె పెన్ను తీసుకుంది. పదకొండు: తిప్పలేదు. ఒంటిగంట: తిప్పలేదు. కారణం అన్నచోట, అతిథులకి వంట చేస్తున్నాను, అని రాసింది. సంతకం పెట్టి నర్సమ్మకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"నీ మీద కూడా ఫిర్యాదు రాయాల్సి వస్తుంది, తెలుసుగా? రేపు వేరే మనిషిని పంపిస్తాను" అంది నర్సమ్మ.

"రాయండి" అంది ఆమె. అనేశాక మంచం వైపు చూసింది. నాలుగో ఇల్లు. ఈవిడ సంగతి కూడా ఇక తెలియదు.

"ఇంటి మనిషిలా చూసుకున్నందుకు బాగా బుద్ధి చెప్పావే!" కోడలి గొంతుకి కొడుకు గుమ్మం దగ్గరికి వచ్చాడు. సంగతి విని పెళ్లాం వైపు తిరిగాడు. "ఇంట్లోనే ఉండి నువ్వేం చూస్తున్నావ్?"

కోడలు నోరు తెరిచి, మూసేసింది. ఆ మూసిన నోరు ఆమెకి బాగా తెలుసు. తన అద్దంలో రోజూ చూసేదే.

"సార్, లోపలికి రండి" అంది ఆమె. "ఆరయింది. మళ్లీ తిప్పే టైము."

"నేనా? అది ఆడవాళ్లు..."

"ఎడమ చెయ్యి భుజం కింద, కుడి చెయ్యి తుంటి కింద. లాగకండి, చర్మం ఒరుసుకుపోతుంది. ఎత్తి తిప్పాలి."

కోడలు అలవాటుగా ముందుకి రాబోయింది. "మీరు కూర్చోండి" అంది ఆమె.

ఆయన వంగాడు. చేతులు గాలిలో ఆగిపోయాయి, కన్నతల్లి ఒంటి మీద ఎక్కడ ఆనించాలో తెలియక. టీచరమ్మ కొడుకు మొహంలోకి దగ్గరగా చూస్తూ "కాదు... కాదు" అంటూనే చేతనైన చేత్తో ఆయన చొక్కా గట్టిగా పట్టుకుంది.

సాయం పట్టబోయిన ఆమె తన చేతులు రెండూ వెనక్కి తీసేసుకుంది.