సారలమ్మ పిక్క

"పిక్కే కదా పట్టింది, ప్రాణం పోయినట్టు మూలుగుతవేంది?" అన్నాడు భూషణం, పెళ్లాం సారలమ్మ కుంటుకుంటూ తెచ్చిచ్చిన జావ తాగుతూ.

పిక్క ఊరికే పట్టలేదు. బస్తర్ రాజ్యం దొరలు భోపాల్‌పట్నం దారిన పర్యటనకు వచ్చినప్పుడల్లా సామాను మొయ్యడానికి ఇంటికొకరు వెట్టికి పోవాలి. ఊరంతా మగవాళ్లే పోతారు. భూషణం మాత్రం నడుం పట్టుకుని సారలమ్మను పంపేవాడు. కోడిపందెం రోజు ఆ నడుంనొప్పి ఎక్కడికి పోయేదో! పోయినసారి దొరగారి ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని వాగు గట్టు ఎక్కుతుంటే ఆమె కుడి పిక్కలో కర్రతో కొట్టినట్టయింది. దించడానికి లేదు. ఒక ఊళ్లో ఎవరి నెత్తికెక్కిన బరువు పక్క ఊరిదాకా వాళ్లే మొయ్యాలి. నడుమ చెయ్యి మారితే శిక్షగా ఊరికంతా రెండో వంతు పడుతుంది, ఇంటింటా మళ్లీ వెట్టికి పోవాలి. పళ్లు బిగబట్టి మోసింది. ఇంటికొస్తే అత్త నాగేశ్వరమ్మ, "మాకు లేవా పిక్కలు?" అంటూ దంచాల్సిన వడ్లు ముందుకు తోసింది.

సారలమ్మ ఆముదపాకు వెచ్చచేసి కట్టుకుంటూ మొగుణ్ని తలుచుకునేది. ప్రేమగా కాదు. నొప్పి తగ్గేకొద్దీ కసి పెరిగింది. ఒక తెల్లవారుజామున గాదె చాటున మునివేళ్ల మీద లేచి చూసుకుంది. పిక్క కలుక్కుమనలేదు. తగ్గిందంటే ఆ పెట్టె మళ్లీ తన నెత్తికే. నోరు మెదపకుండా ఆకు మళ్లీ కట్టుకుంది.

ఆ వారమే, వెట్టి వంతులు చూసే ఊరి కొత్వాల్ ఉంగ, పక్క ఊరివాళ్లు మోసుకొచ్చిన దొర పెట్టెను వాకిట్లో దింపించాడు. "అన్నా, మీ ఇంటి వంతు."

"మా ఆడది వస్తది. పిక్క తగ్గింది, నకరాలు చేస్తంది" అన్నాడు భూషణం.

సారలమ్మ కుంటుతూ వచ్చింది. "పోతనే. నువ్వైతే దీన్ని లేపనే లేవని నవ్వుతున్నరు అందరు."

"ఎవడా అన్నది? ఇదీ ఒక బరువేనా?" భూషణం పెట్టె అమాంతం ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. పైగా చేతులు వదిలి చూపించాడు. ఇన్నేళ్లు కాపురం చేసిన సారలమ్మకు మొగుడి రోషం ఆ మాత్రం తెలియదా!

దించబోయేసరికి ఉంగ కర్ర అడ్డం పెట్టాడు. "దించకు! ఊరికి రెండో వంతు తెస్తవా? నడువు."

ఇరుగుపొరుగు వాకిళ్లలోకి వచ్చేశారు. రెండో వంతు అన్న మాట వినేసరికి ఒక్కరి ముఖంలోనూ జాలి లేదు. భూషణం నడిచాడు.

"నా కొడుకు నడుం ఇరిగితే?" అంది నాగేశ్వరమ్మ.

"ఇరగనీ" అంది సారలమ్మ. అన్నాక ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ హాయికి సిగ్గు కూడా పడలేదు. కుంటకుండా నడిచి వెళ్లి రోకలి తెచ్చి అత్త చేతికిచ్చింది.

నాగేశ్వరమ్మ కోడలి కాలికేసి చూసి గుడ్లు తేలేసింది. "తగ్గిందా నీకు! వాడు రానీ, చెప్తా."

"చెప్పు. నేను పుట్టింటికి పోతా. వాడు మళ్లా నడుం పట్టుకుంటడు. ఇంట్ల ఇంకో ఆడది నువ్వే కదా అత్తా."

నాగేశ్వరమ్మ వడ్ల చాట దగ్గరికి లాక్కుంది.

భూషణానికి తెలిసినంతవరకూ సారలమ్మ పిక్క ఇంకా తగ్గలేదు. బస్తర్‌లో వెట్టి ఉన్నన్నాళ్లూ తగ్గదు.