బొగ్గులకు తిట్లు

బొగ్గులు రాజుకోక, వాటి ఏడు తరాలనూ ఎత్తి తిడుతున్నాడు ఇస్త్రీ బాబాయ్. అరవై దాటిన మనిషి. కుడి మణికట్టు నిండా పాత వాతలు. బరువైన ఇస్త్రీ పెట్టె తోసితోసి ఆ భుజం కిందికి వాలిపోయింది.

"హమ్మయ్య, మన తిట్లే! చేరిపోయాం" అంటూ ఒకతను మూట దించాడు. పక్కన భార్య, తెగిన చెప్పు ఈడ్చుకుంటూ కూతురు. "కుట్టుమిషను అక్క ఇల్లెక్కడ బాబాయ్?"

బాబాయ్‌కి ఒళ్ళు మండిపోయింది. మాట తెలియని ఈ ఊళ్ళో, ఈ వీధికి మనవాళ్ళలో మొదట వచ్చింది తను. అక్క మూడేళ్ళ తర్వాత దిగింది. ఇప్పుడు ముప్ఫై గడపలు మనవే. ఒక్కడైనా బాబాయ్ ఉన్నాడని వచ్చామన్నాడా? ఎవరు దిగినా ఆమె గుమ్మం ముందు బల్ల మీదే కూర్చుంటారు. గది దొరికేదాకా పెట్టెలు ఆమె మంచం కిందే. నాలుగు గ్లాసుల మంచినీళ్ళిచ్చి మహారాణి అయిపోయింది!

"అలాంటివాళ్ళెవరూ లేరిక్కడ. అవతల పేటలో అడగండి" అనేశాడు.

వాళ్ళు వెళ్ళిపోయారు. కడుపుమంట చల్లారుతుందనుకున్నాడు. చల్లారలేదు సరికదా, మధ్యాహ్నందాకా ఒక్క కాలరూ సరిగ్గా కుదరలేదు.

చూపు మందగించిన అక్క ఆ సాయంత్రమే కూతురి ఊరికి ప్రయాణం, ఇక అక్కడే ఉండిపోవడానికి. అల్లుడి చేత బల్ల మోయించుకొచ్చి బాబాయ్ కొట్టు ముందు దింపించింది.

"నాకెందుకిది? వాళ్ళంతా నీకోసం వచ్చేవాళ్ళు" అన్నాడు బాబాయ్ మొహం తిప్పుకుని.

"నేనెందుకు ఆగానో తెలుసా అన్నయ్యా? చంకలో పిల్లతో నాలుగు పేటలు తిరిగా. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇక్కడ నువ్వు బొగ్గుల్ని తిడుతున్నావు, అచ్చం మా నాన్నలాగే. ఏడుపొచ్చేసింది. ఇంకెక్కడికీ పోబుద్ధి కాలా. మనవైపు నుంచి ఎవరు బయల్దేరినా అదే చెప్తా, ఆ తిట్లు వినబడ్డచోట ఆగండీ అని."

అక్క ఎక్కిన ఆటో మలుపు తిరిగింది. బాబాయ్ ఇస్త్రీ పెట్టెలో నిప్పు అలాగే వదిలేసి అవతల పేటకు పరుగెత్తాడు. సత్రం, బస్టాండు, టీకొట్లు, అన్నీ వెతికాడు. పొద్దున పంపేసిన ఆ ముగ్గురూ కనబడలేదు.

తిరిగొచ్చేసరికి కొట్టు నిండా బట్టలు పేరుకుపోయి ఉన్నాయి. కొన్ని కింద పెట్టాడు, కొన్ని తాడు మీద వేశాడు. బల్ల మీద మాత్రం ముగ్గురు కూర్చునే చోటు ఖాళీగానే ఉంచాడు.