ఎడమవైపు క్లచ్

మా కారు అరుస్తుంది గానీ కదలదు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ గొంతు చించుకుంటుంది, చక్రాలు మాత్రం తమకేమీ పట్టనట్టు నింపాదిగా దొర్లుతాయి. ఇంజన్‌లో పుట్టిన బలం చక్రాల దాకా రాకుండా మధ్యలోనే పోతోంది. ఎక్కడ పోతోందో నాకు తెలుసు, క్లచ్ ప్లేటు దగ్గర. డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి కూతురిని, ఆ మాత్రం తెలియకపోతే సిగ్గుచేటు. ఎందుకు పోతోందన్నదే అంతుపట్టలేదు.

తమిళనాడులో వేలూరు పక్కనున్న మా గుడియాత్తంలో శేషాద్రి డ్రైవింగ్ స్కూలంటే సగం ఊరికి తెలుసు. శేషాద్రి మా నాన్న. స్కూలు కారు కాబట్టి ఎడమ సీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేక్ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు తడబడితే పక్కన కూర్చున్న గురువు తన పెడల్ తొక్కి కాపాడతాడు. రెండు క్లచ్‌లనూ అడుగున ఒక ఇనుప కడ్డీ కలుపుతుంది. ఒకటి దిగితే రెండోదీ దిగుతుంది.

నాకు కారు నేర్పిందీ ఆయనే. "తొక్కొద్దు మ్మే, అడుగు. నిదానంగా దించు, సగంలో చిటికెసేపు నిలుపు, మళ్ళా కిందికి పో" అనేవాడు. ఆ సగంలో ఆగడం ఏ పుస్తకంలోనూ లేదు, దానివల్ల ఒరిగేదీ లేదు. అయినా వాదించే ధైర్యం ఎవరికుంది? క్లచ్ మీద కాలు ఊరికే ఆనించినా ప్లేటు జారి మాడిపోతుంది, అలా కనబడితే చాలు, మోకాలి కింద స్కేలు పడేది.

పోయిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఆయన ఆ ఎడమ సీట్లోనే పోయాడు. అప్పుడు స్టీరింగ్ పట్టుకున్నది పేర్ణాంబట్టు చెప్పుల కంపెనీలో పనిచేసే ఒక అమ్మాయి. కారు మెత్తగా రోడ్డు పక్కకొచ్చి ఆగింది, సార్ ఆపాడనుకుంది. ఆపింది ఆయనే. తలుపు తీసేసరికి ఆయన రెండు కాళ్ళూ పెడల్స్ మీదే ఉన్నాయి. వాటిని అక్కడినుంచి తీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

అప్పటినుంచి స్కూలు మూతపడింది. దాన్ని నా పేరు మీద మళ్ళీ తెరవాలని నా పట్టుదల. దానికి ముందు ఈ కారు ప్రభుత్వ తనిఖీలో గట్టెక్కాలి. అరిచి కదలని కారును ఎవరు గట్టెక్కిస్తారు?

వేలూరుకు మాత్రం ప్రతి వారం పోతూనే ఉన్నాం. మా అమ్మ భారతమ్మకు మోకాళ్ళ నొప్పి, అక్కడి ఆసుపత్రిలో వ్యాయామం చేయిస్తారు. నాన్న ఉన్నన్నాళ్ళూ అమ్మ వెనక సీటు దాటి ముందుకు రాలేదు. ఆయన పోయాక ఎవరినీ అడగకుండా ఎడమ సీట్లో కూర్చుంది. కారు నీరసపడింది కూడా అప్పటినుంచే, కానీ ఆ రెండింటినీ కలిపి చూడాలని నాకెందుకు తడుతుంది?

కాలిన క్లచ్ వాసన మీకు తెలుసో లేదో. మా నాన్న చొక్కాలకు ఎప్పుడూ ఆ వాసనే. ఇప్పుడు పాలారు వంతెన దాటి హైవే ఎక్కే చోట ఇంజన్ అరుపు మొదలవగానే ఆ వాసన కారంతా నిండుతుంది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా పక్కకు చూడాలంటే భయం.

వేలూరు బాగాయంలో షెడ్డు పెట్టుకున్న తంగరాజ్ మామ నాన్నకు స్నేహితుడు, మా కారు మెకానిక్. కొత్త ప్లేటు వేశాడు. నెల తిరక్కుండానే అదీ మాడిపోయింది. రెండోసారి వేసి, తానే ఒక చుట్టు తిప్పుకొచ్చాడు.

"వండి ఇళుక్కలేదని, బండి లాగలేదని ఎవరు చెప్పినారు? నాకు బాగా లాగతా ఉండాదే!" అన్నాడు. తర్వాత నా కాళ్ళవైపు చూశాడు. "హేమా, నిజం చెప్పు. క్లచ్ మీద కాలు పెట్టుకోనే నడపతా ఉండావా?"

ఒళ్ళు మండిపోయింది. "ఎవరి కూతురిని అడగతా ఉండావు మామా?"

"కోపం వద్దమ్మా. యెవరో ఒకరి కాలు ఉండాది. లేకపోతే ప్లేటు ఇట్ల కాలదు."

ఎవరో ఒకరి కాలు. ఆసుపత్రినుంచి అమ్మను ఎక్కించుకున్నాక కూడా ఆ మాట తిరుగుదారి పొడుగునా నన్ను వదల్లేదు. పళ్ళికొండ దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ మళ్ళీ అరవసాగింది, వాసన మళ్ళీ వచ్చింది. ఈసారి భయాన్ని అణుచుకుని పక్కకు, కిందికి చూశాను.

చెప్పులు విప్పిన పాదం ఒకటి ఎడమ క్లచ్ మీద ఉంది. అది అమ్మ పాదం. కళ్ళు మూసుకుంది, పెదవుల మీద చిన్న నవ్వు. ఆయన పోయాక ఆ ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

కారు పక్కకు ఆపాను. తిట్టడానికే నోరు తెరిచాను, కానీ "ఏం చేస్తా ఉండావమ్మా?" అని మాత్రమే అడగగలిగాను.

అమ్మ సిగ్గుపడింది. "మీ నాయన యాడికీ పోలేదు హేమా. నువ్వు గేరు మార్చే ముందర ఇది దానంతట అదే కిందికి పోతాది. ఆయప్పే తొక్కతా ఉండాడు. సగంలో నిలపతాడు చూడు, వెనక సీట్లోనుంచి ఇన్నేండ్లు నేను చూసిన తొక్కుడే. నేను పైన కాలు పెట్టినాను, అంతే. ఆయప్ప కాలు తగలతాది." పాదం తీయకుండానే, "బతికుండంగా నలుగురిలో నా చెయ్యి కూడా పట్టుకోలేదు గదా" అంది.

కడ్డీ సంగతి అమ్మకు ఎవరూ చెప్పలేదు. వెనక సీటు మనిషికి ఎవరు చెబుతారు? నిజం చెబితే ఆమెకు ఆయన రెండోసారి పోతాడు, చెప్పకపోతే ప్లేట్లన్నీ మాడి స్కూలు పోతుంది. చెప్పలేకపోయాను.

మర్నాడు పిరికిదానిలా ఒంటరిగా బాగాయం పోయి కడ్డీ విప్పించాను. తనిఖీ నాటికి మళ్ళీ బిగించుకుందాం, అప్పటిదాకా అమ్మకు మెల్లగా అలవాటు తప్పుతుంది అనుకున్నాను.

తర్వాతి వారం కారు బాణంలా పోయింది. అమ్మ మాత్రం పెడల్ మీద పాదం పెట్టి ఎదురుచూస్తోంది. నేను గేర్లు మార్చాను, అది కదల్లేదు. పాలారు దాటేసరికి ఆమె పాదం వెనక్కి తీసుకుని, చీర కుచ్చిళ్ళ కింద దాచుకుంది. ఆసుపత్రిలో వ్యాయామం చెయ్యనంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "దిగిపోయినాడు" అంది. మూడో పూట కూడా తినకపోయేసరికి ఇక భరించలేకపోయాను.

ఆమెను కారు దగ్గరికి తీసుకెళ్ళి అంతా చెప్పేశాను. "అది నాయన కాదమ్మా. ఈ పక్క నేను తొక్కితే ఆ పక్కది కూడా దిగతాది. మధ్యలో కడ్డీ ఉండింది, నేనే తీయించినాను. నీ కాలి కింద ఉండిందంతా నా కాలే." చెబుతూ ఏడ్చేశాను.

అమ్మ ఏడవలేదు. ఆ పెడల్‌నూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"నీ కాలా?" అంది. "మరి నీ కాలికి ఆయప్ప తొక్కుడు యాడనుంచి వచ్చింది?"

ఆయనే నేర్పాడు కదా అనబోయాను.

"కడ్డీ బిగించుకోని రా" అంది అమ్మ. "నేను బరువు పెట్టనులే. ఊరికే తాకతాను."

బిగించుకొచ్చాను. తంగరాజ్ మామ వద్దని మొత్తుకున్నాడు, నేను వినలేదు. మళ్ళీ వేలూరు దారిలో అమ్మ కాలి వేళ్ళు పెడల్‌ను తాకీ తాకనట్టు ఉన్నాయి. నాలో మొండితనం లేచింది. అది నా కాలే అయితే నా మాట వినాలి కదా! ఈసారి సగంలో ఆపకుండా ఒక్క ఊపున తొక్కేద్దామనుకున్నాను. అమ్మకు కాదు, నాకే రుజువు కావాలి.

పాలారు వంతెన మీద గేరు మార్చబోతూ బలంగా తొక్కాను. సగంలో కాలు ఆగింది. నేను ఆపలేదు. మళ్ళీ ప్రయత్నించాను, పళ్ళు బిగించి మరీ. కాలు మళ్ళీ అక్కడే చిటికెసేపు నిలిచి, తర్వాత నిదానంగా కిందికి దిగింది.

"చూసినావా?" అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే.

నేను గేరు వేశాను. వాసన లేదు, ఇంజన్ అరవలేదు. కారు ముగ్గురినీ మోసుకుంటూ ఎత్తు ఎక్కింది.