ఉప్పు లేని ప్లేటు

బస్సు నడిపే అక్కకి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? మూడు నెలలుగా డిపో ఎదుటి హోటల్లో ఉప్పు లేని ప్లేటే తింటోంది. ఉడకబెట్టిన కూరగాయలు, ఓ గిన్నెడు సూపు, అంతే. పక్క బల్ల మీద వేపుళ్ళు ఘుమఘుమలాడుతుంటే కిటికీ వైపు తిరిగి కూర్చునేది. అయినా ఈ ఉదయం డిపో డాక్టరు మిషను చూసి పెదవి విరిచాడు. బీపీ నూట డెబ్భై!

"పథ్యం చేస్తున్నానని అబద్ధాలెందుకమ్మా? ఇక స్టీరింగు వద్దు. టికెట్ల గదిలో కూర్చోండి" అన్నాడు. ఇరవై రెండేళ్ళ డ్రైవింగు ఒక్క సంతకంతో పోయింది.

తోడొచ్చిన తమ్ముడైనా ఓదార్చాడా? "చాటుగా ఏం లాగిస్తున్నావో చెప్పెయ్యక్కా. నా దగ్గర దాపరికమేంటి?" అన్నాడు.

"నీ మొహం! పద, ఆ హోటలువాళ్ళనే అడుగుదాం" అంటూ రోడ్డు దాటి సరాసరి వంటగదిలోకి జొరబడింది.

వంటమాస్టరు ఏమాత్రం కంగారుపడలేదు. పొయ్యి మీదున్న పెద్ద గంగాళం చూపించాడు. "పొద్దున్నే కూరగాయలన్నీ ఇందులోనే ఉడకేస్తామమ్మా. సూపుకీ ఈ నీళ్ళే. నాలుగు గుప్పిళ్ళ ఉప్పు పడితేగానీ రుచి రాదు."

"మరి నా ప్లేటో?"

"మీ దాని మీద మళ్ళీ చల్లం. ఉప్పు లేని ప్లేటంటే అదేగా!"

ఆ మనిషి ముఖంలో తప్పు చేసిన ఛాయే లేదు. పైగా ఎంత శ్రద్ధగా చేశామో చూడండి అన్నట్టు నవ్వాడు. అక్కకి ఆ నవ్వు చూస్తే ఇంకా కాలింది. గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"ఏప్రాన్ కూడా విప్పకు. ఈ మాటే వచ్చి డాక్టరుతో చెప్పు."

మాస్టరు వచ్చి చెప్పాడు.  డాక్టరు తాను సంతకం పెట్టిన కాగితం వెనక్కి లాక్కున్నాడు. "నెల్లాళ్ళు సెలవు పెట్టి ఇంటి తిండి తినండమ్మా. తగ్గితే మీ బస్సు మీదే. ఏదీ, చెయ్యిలా ఇవ్వండి, మళ్ళీ చూద్దాం."

నూట తొంభై!

"అదేంటక్కా, ఇంకా పెరిగింది!" అన్నాడు తమ్ముడు.

"నూట డెబ్భై వీడి ఉప్పు. పైన ఇరవై మీ ఇద్దరిదీ" అంది అక్క. "మూడు నెలలు నోరు కట్టుకున్నదాన్ని పట్టుకుని దొంగని చేశారు చూడు, అదీ!"