కళ్ళం కింది గంట

...కాదు, మేకు ఇలా కూయదు. మేకు కూత పిట్టపిల్ల నోరు తెరిచి మూసినంత సేపే. ఇది కాస్త సాగింది. సాగిందా, లేక సాగాలని తనే అనుకున్నాడా? ఆ తేడా తెలియాలంటే మనిషి తన చెవికి బయట నిలబడి వినాలి. అది ఎవరివల్లా అయ్యే పని కాదు. ప్రేమానందం కళ్ళం మధ్యలో ఆగిపోయి, కర్ర చివరనున్న గుండ్రటి పళ్ళాన్ని నేలకు కాస్త ఎత్తులో మళ్ళీ ఒకసారి ఆడించాడు. హెడ్‌ఫోన్లలో ఎప్పుడూ ఉండే సన్నటి రొద చటుక్కున పెరిగి, చటుక్కున తగ్గింది. మేకే. ఎద్దు లాడం నుంచి ఊడి పడిన మేకు.

"మళ్ళీ మేకేనా బావా?" అని గట్టు మీదనుంచి అరిచాడు ప్రేమదాసు. అతను ప్రేమానందం భార్య జయమణికి తమ్ముడు. గడ్డపార భుజాన వేసుకుని పొద్దుటినుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు. "ఏరిపెట్టరాదూ? కమ్మరికిస్తే లాడాలకు పనికొస్తయ్యి."

గట్టు మీద కూర్చున్న, ఊరి చివరి పేట జనమంతా నవ్వారు. నవ్వనిది పున్నమ్మ ఒక్కతే. ఆమె చింతచెట్టు నీడను వదిలి, ఎండలోకి వచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ నవ్వుకు ప్రేమానందానికి కోపం రాలేదు. జనం నవ్వుకు అతను అలవాటు పడ్డాడు. యుద్ధకాలంలో పటాలంలో చేరి, లిబియా ఎడారిలో, లోహం దగ్గరికొస్తే కూసే ఇలాంటి యంత్రంతో ఇసుక కింద పాతిన మందుపాతరలు వెతికిన మనిషి అతను. అక్కడ ఆ పళ్ళెం కూసిందంటే ఒకటే అర్థం. కూత వినపడగానే ఒళ్ళు కొయ్యబారిపోయేది. తిరిగొచ్చి జగ్గయ్యపేటలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసుకుని బతుకుతున్నా, చెవి మాత్రం ఎడారిలోనే ఉండిపోయింది. ఒకసారి సికింద్రాబాదులో పాత సామాన్ల కొట్టు ముందు అలాంటి యంత్రమే తుప్పు పట్టి పడి ఉంటే తెచ్చుకున్నాడు. చాలా రోజులు కూర్చుని దానికి ప్రాణం పోశాడు.

"ఏం జేసుకుంటావు దాన్ని?" అని అడిగింది జయమణి.

"వింటా," అన్నాడు.

అప్పటినుంచీ ఆదివారం ఆరాధన అయిపోగానే చిల్లకల్లు దాటి నందిగామ వైపు మెట్ట చేలల్లో పడేవాడు. నీళ్ళు లేని ఎర్ర నేల, గులకరాళ్ళు, తుమ్మ చెట్లు. ఎండాకాలంలో కళ్ళు సగం మూసి చూస్తే అది ఎడారే. కూత వినపడగానే ముందు ఒళ్ళు బిగుసుకునేది. మరుక్షణం, ఇక్కడ పేలేదేమీ లేదని గుర్తొచ్చేది. ఆ రెండో క్షణం కోసమే అతను అంత దూరం నడిచేవాడు. బోర్లా పడుకుని, కత్తిని ఏటవాలుగా గుచ్చి, మట్టిని వేళ్ళతో తప్పిస్తే నాగలి కర్రు ముక్కో, గజ్జె మువ్వో, ఎప్పటిదో ఏనుగు బొమ్మ ఉన్న సీసపు బిళ్ళో బయటపడేది. లంకెబిందెల కోసం తిరుగుతున్నాడని ఊరు అనుకునేది. తనకు దొరుకుతున్నది అంతకన్నా పెద్దదని అతనికి తెలుసు. చావు లేని నేల దొరుకుతోంది. అది ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడంలో కూడా ఒక గర్వం ఉంది.

కానీ ఇవాళ్టి పని సరదా కాదు.

ఎనిమిదేళ్ళ కిందట, నైజాం సరిహద్దు అవతల అల్లర్లు జరుగుతున్నప్పుడు, అల్లరిమూకలు రాత్రికి రాత్రి ఇటు వచ్చి పడతాయని పుకారు పుట్టింది. పేటంతా కదిలిపోయింది. ప్రార్థన పాకలో వేలాడే ఇత్తడి గంటను ఏలీయా కిందికి దించాడు. అతను మోతుబరి రైతు బసవయ్య దగ్గర పాలేరు. ఎవరి కంటా పడని చోటని బసవయ్య కళ్ళంలోనే దాన్ని పాతాడు. "నడిమి గుంజకు తూర్పున, కాడి పొడుగు దూరంలో" అని భార్య పున్నమ్మకు చెప్పాడు. ఆ నెలలోనే కలరా వచ్చి పోయాడు. అల్లర్లు సద్దుమణిగాక రెండుసార్లు తవ్వారు. గంట లేదు. అప్పుడొక మాట బయల్దేరింది. ఎవరు ముందన్నారో తెలియదు: ఏలీయా దాన్ని ఇత్తడి కొట్లో అమ్ముకున్నాడని. పున్నమ్మ ముందు ఎవరూ అనలేదు, పున్నమ్మకు తెలియకుండానూ పోలేదు.

ఇప్పుడు ఆ ప్రార్థన పాక చోట పెంకుల కప్పుతో కొత్త గుడి లేచింది. ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారానికి తెరవాలి. పున్నమ్మ జగ్గయ్యపేట దాకా నడిచి వచ్చి ప్రేమానందం ఇంజన్ల పాక ముందు నిలబడింది. "నాయనా, నువ్వు నేల కడుపులోది వింటావంట గదా. మీ పెద్దయ్య దొంగో కాదో చెప్పు" అంది.

బసవయ్య ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. కళ్ళం అప్పటికే అలికి ఉంది. మర్నాడు జొన్న కంకులు పరిచి బంతి కట్టాలి. గుంజకు వరసగా కట్టిన ఎద్దులు గింజ రాలేదాకా చుట్టూ తిరగాలి.

"ఒక్క గుంట, ప్రేమానందం. ఒక్కటంటే ఒక్కటే. ఆనక పూడ్చి, అలికిచ్చే పూచీ నీది."

"అట్టాగేనండి."

అట్టాగేనని అన్నాక అర్థమైంది, తను దేనికి ఒప్పుకున్నాడో. ఆ ఒక్క గుంటలో గంట లేకపోతే, యంత్రం పెట్టి వెతికినా దొరకలేదంటారు. ఏలీయా దొంగతనం అక్కడితో రుజువైపోతుంది. చచ్చినవాడి పేరు తన రెండు చెవుల మధ్య వేలాడుతోంది.

కళ్ళం నిండా మేకులే. బండికి కట్టే ఎద్దుల్నే బంతికీ కట్టడంతో, ఏటేటా లాడాల నుంచి మేకులు రాలి, మట్టిలో, పేడలో కలిసిపోయి, పొర మీద పొర పడ్డాయి. అడుగు వేస్తే కూత. ఆ గోలలో లోతునున్న గంట గొంతు వినపడటం సంతలో గుసగుస వినపడటమే. గుంజకు తూర్పున కాడి దూరంలో ఎన్నిసార్లు తిరిగినా మేకులు తప్ప ఏమీ లేదు.

బసవయ్య కుతూహలం ఆపుకోలేక దగ్గరికొచ్చాడు. "ఏదయ్యా, నన్నూ ఓసారి విననీ."

"వద్దండి. పనిలో ఉండగా ఇది చేతులు మారగూడదు. మా పటాలంలో అది రూలండి."

"ఇది పటాలమా, నా కళ్ళమా?" అని నవ్వుతూనే వెనక్కి తగ్గాడు బసవయ్య.

రూలు నిజమే. కానీ తను కాదన్నది రూలు కోసం కాదని ప్రేమానందానికి లోపల తెలుసు. చెవుల మీది ఆ డొప్పల్లో ఉన్నది అతని ఏకాంతం. అందులోకి ఇంకొకరు తల పెట్టడం అతనికి ఇష్టం లేదు.

మేకుల్ని తిట్టుకోవడం మానేసి వాటినే వినడం మొదలుపెట్టాడు. ఎందుకలా తోచిందో తెలియదు. కూత వచ్చిన ప్రతిచోటా ఒక చొప్పముక్క పెట్టుకుంటూ నడిచాడు.

"చొప్ప నాటుతున్నాడర్రా! నీళ్ళు పెట్టండి, మొలుస్తది," అన్నాడు ప్రేమదాసు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి కళ్ళమంతా చొప్పముక్కలే. ప్రేమానందం గట్టెక్కి వెనక్కి తిరిగి చూశాడు. మొదట ఏమీ కనపడలేదు. కళ్ళు చికిలించాడు. అప్పుడు ముక్కలు వాటంతటవే వరసలు కట్టాయి. గుంజ చుట్టూ ఒక ఉంగరం. ఆ ఉంగరాన్ని కోసుకుంటూ పడమటి పక్కన ఇంకో ఉంగరం, అది ఇంకా ఒత్తుగా. ఎద్దులు ఒకే గుంజ చుట్టూ తిరగలేదు. ఆ రెండో ఉంగరం నడిమధ్యలో ఇప్పుడు ఏమీ లేదు, నున్నగా అలికిన నేల తప్ప.

కిందికి దిగి, ఆ ఖాళీ నడిమధ్య మడమతో గుర్తు పెట్టాడు. బసవయ్య బండి కాడి తెప్పించి, అక్కణ్ణుంచి తూర్పుకు పరిచాడు. కాడి చివర నిలబడి కళ్ళు మూసుకుని పళ్ళాన్ని ఆడించాడు. మేకుల కిచకిచలు. వాటి కింద, చాలా కింద, ఒక మూలుగు. వెడల్పుగా, తొందర లేకుండా. పళ్ళెం దాటి వెళ్ళినా వెంటనే ఆగని మూలుగు.

ఒళ్ళు బిగుసుకుంది. ఈసారి రెండో క్షణం రాలేదు. ఎడారిలో చెవి భయపడినదాన్ని వినేది. ఇక్కడ కోరుకున్నదాన్ని వింటోందేమో. పున్నమ్మ ముఖం చూశాక ఏ చెవి నిజం చెబుతుంది? పక్కకు పోయి, మేకులు మాత్రమే ఉన్నచోట విన్నాడు. మళ్ళీ వచ్చి విన్నాడు. ఉత్తరం నుంచి వచ్చాడు, దక్షిణం నుంచి వచ్చాడు. మూలుగు చోటు మారలేదు. కోరిక అయితే తనతోపాటు తిరిగేది.

"ఇక్కడ," అన్నాడు.

"అదేంది నాయనా!" పున్నమ్మ లేచి నిలబడింది. "గుంజకు తూర్పన్నాడయ్యా మీ పెద్దయ్య. అది పడమర."

"గుంజే జరిగింది పెద్దమ్మా."

బసవయ్య మొహం ఎర్రబడింది. "ఏందయ్యా జరిగేది? మా నాయన పాతిన గుంజ అది. మా నాయన!"

"ఆ అల్లర్ల ఏడు తమరు నందిగామలో ఉన్నారు గదండి. వచ్చేసరికి కళ్ళం చేసి ఉంది."

"ఉంటే? ఎవురు చేశారూ?"

గట్టు మీద గడ్డపార మెల్లగా భుజం దిగింది.

"ఆ ఏడు కూలికొచ్చిన మేవేనండి," అన్నాడు ప్రేమదాసు. గొంతులో వెటకారం ఎటు పోయిందో. "పాత గుంజ చెదలు తినేసిందండి. గుంట కనపళ్ళా. ఎక్కడైతే ఏంలే, ఎద్దులు తిరగటానికే గదా అని... నేనే పాతా."

"ఓరి నీ..." అని బసవయ్య ఆగిపోయాడు. తన తండ్రి గుంజ అనుకుని ఎనిమిదేళ్ళుగా ఏటా పసుపు రాసి కొబ్బరికాయ కొట్టిన గుంజ వైపు ఒకసారి చూశాడు. ముందు నవ్వింది ఆయనే. "ప్రేమదాసు గుంజకా నేను దణ్ణాలు పెడుతుంటా! తవ్వండెహె!"

ఆ తర్వాత గట్టు మీద ఎవరూ కూర్చోలేదు.

ప్రేమదాసు పై మట్టి మాత్రం పగలగొట్టాడు. తర్వాత ప్రేమానందం అతన్ని పక్కకు జరగమని, బోర్లా పడుకుని కత్తితో, వేళ్ళతో దిగాడు. మోచెయ్యి దాటి లోతున కుండ మూత తగిలింది. కుండలో ఊక. ఊకలో, పచ్చబడిపోయి, చెక్కు చెదరకుండా గంట.

జనం అరుపులు విని, దూరంగా మేస్తున్న ఎద్దులు తలలెత్తాయి. ప్రేమదాసు దాన్ని రెండు చేతులా ఎత్తి బయటపెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు. పున్నమ్మ ఏడవలేదు. పైట భుజం చుట్టూ లాక్కుని, చుట్టూ ఉన్న ముఖాల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. రాణి దర్బారును చూసినట్టు చూసింది. చూపు తన దగ్గరికి రాగానే కొందరు కళ్ళు దించుకున్నారు.

"ఏలీయా పాతింది," అంది. అంతే అంది.

గంట ముందు కూర్చుని లోపలికి చెయ్యి పెట్టింది. గంట నాలుక చుట్టూ బిగించి కట్టిన తలగుడ్డ పీలిక తగిలింది. ఎత్తుకుపోతుంటే మోగకుండా ఆ రోజు చుట్టిన గుడ్డ.

"విప్పవే పున్నమ్మా, మోగించు!" అన్నారెవరో.

ఆమె విప్పలేదు. ప్రేమానందం వైపు తిరిగింది. "నోరు కట్టేసి పెట్టాడయ్యా మీ పెద్దయ్య, కూత పెట్టకుండా. ఎనిమిదేళ్ళు గుక్కపట్టుకుని ఉందిది. మరి నీకెట్టా వినపడింది? ఏమని వినపడింది?"

చెప్పాలనుకున్నాడు. ఎడారి దగ్గర మొదలుపెట్టాలా, ఆదివారాల దగ్గరా? ఇన్నేళ్ళుగా తన ఒక్కడిదే అనుకున్న చోటు ఎంత ఇరుకైనదో, అందులో ఇంకొకరికి చోటిస్తే అది ఎంత పెద్దదవుతుందో, అప్పుడు తెలిసింది. గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. ఎడమ చేత్తో పళ్ళాన్ని ఎత్తి గంట మీదికి తెచ్చాడు. కుడి చేత్తో తన తల మీది హెడ్‌ఫోన్లు తీసి, ఆమె ముసుగు వెనక్కి జరిపి, నెరిసిన జుట్టు సర్ది, రెండు చెవులకూ మెల్లగా పెట్టాడు.